ఒక్క క్షణం ఆగి ఆడినవాడు

ఫ్రాన్సులో అరాస్ అనే ఊళ్లో ఒక పెద్ద యుద్ధస్మారకం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ చుట్టుపక్కల చనిపోయి, శవం దొరకని సైనికుల పేర్లు అక్కడి రాతిగోడల మీద చెక్కారు. దాదాపు 35 వేల పేర్లు. రెజిమెంట్ల వారీగా, హోదాల వారీగా ఉంటాయి. వాటిలో మిడిల్‌సెక్స్ రెజిమెంట్ కింద, సెకండ్ లెఫ్టినెంట్ల వరసలో, వాల్టర్ టల్ పేరుంది. పక్కనున్న పేర్లకీ దీనికీ చూడ్డానికి తేడా ఏమీ ఉండదు. కానీ ఆ రోజుల బ్రిటిష్ సైనిక నిబంధనల ప్రకారం ఆ పేరు ఆ వరసలో ఉండటానికే వీల్లేదు. ఎందుకంటే టల్ నల్లవాడు.

సైన్యంలోకి రాకముందు అతను ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడు. ఈ సంగతి చెప్పగానే ఇంగ్లండులో ఎవరైనా రెండు "మొట్టమొదటి"లు అందుకుంటారు. అగ్రశ్రేణి లీగ్‌లో గోల్‌కీపర్‌గా కాకుండా బయట ఆడిన మొట్టమొదటి నల్లవాడు అంటారు. బ్రిటిష్ సైన్యంలో మొట్టమొదటి నల్ల ఆఫీసరు అంటారు. ఈ రెండూ నిలబడవు. ఇప్పటి ఘనా రాజధాని అక్రాలో పుట్టిన ఆర్థర్ వార్టన్ 1880లలోనే ఇంగ్లండులో గోల్‌కీపర్‌గా పేరు తెచ్చుకుని ప్రొఫెషనల్ అయ్యాడు. గోల్‌కీపర్ కాకూడదంటే, విల్లీ క్లార్క్ అనే నల్లజాతి స్కాటిష్ ఆటగాడు 1901లోనే ఆస్టన్ విల్లా తరఫున అగ్రశ్రేణిలో గోల్ కొట్టాడు. ఆఫీసర్ల సంగతికొస్తే, జార్జ్ బెమండ్, డేవిడ్ క్లెమెట్సన్ ఇద్దరూ 1915లోనే కమిషన్ పొందారని తర్వాత కాగితాలు తిరగేసినవాళ్లు తేల్చారు.

మరి "మొట్టమొదటి" అనే బిరుదు తీసేస్తే టల్ కథలో మిగిలేదేమిటి? నాకైతే అసలు కథ అక్కడే మొదలవుతుందనిపిస్తుంది. అతన్ని రానివ్వకూడదని పుస్తకంలో అచ్చేసుకున్న సైన్యం అతన్ని ఆఫీసరుని చేసింది. అలాంటి నిబంధనేదీ లేని ఫుట్‌బాల్ క్లబ్ ఏరికోరి తెచ్చుకుని, రెండేళ్లలో పది లీగ్ మ్యాచ్‌లు మాత్రమే ఆడించింది. ఎందుకిలా జరిగింది?

*

టల్ 1888 ఏప్రిల్ 28న ఇంగ్లండు ఆగ్నేయ తీరంలోని ఫోక్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి డేనియల్ బార్బడోస్ నుంచి వలసొచ్చిన వడ్రంగి. డేనియల్ తల్లిదండ్రుల తరం బానిసత్వం చూసిన తరం. తల్లి ఆలిస్ పామర్ కెంట్ ప్రాంతపు తెల్లమ్మాయి. వాల్టర్‌కి ఏడేళ్లప్పుడు, 1895లో, తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. పిల్లల్ని చూసుకోవడానికి డేనియల్ ఆమె బంధువు క్లారాని పెళ్లి చేసుకున్నాడు. రెండేళ్లు తిరక్కుండానే ఆయనా పోయాడు. ఇంటినిండా పిల్లలతో, సంపాదన లేకుండా క్లారా ఒక్కర్తీ మిగిలింది.

అప్పుడామె చేసిన పని ఇప్పుడు చదువుతుంటే కష్టంగానే ఉంటుంది. మగపిల్లలిద్దరినీ, ఎడ్వర్డ్‌నీ వాల్టర్‌నీ, లండన్ తూర్పువైపు బెత్నల్ గ్రీన్‌లో మెథడిస్టులు నడిపే అనాథాశ్రమానికి పంపేసింది. అది 1898. వాల్టర్‌కి ఇంకా పదేళ్లు నిండలేదు. ఆశ్రమం పిల్లల చేత పాటలు పాడించి ఊరూరా చందాలు పోగుచేసేది. అలాంటి ఒక పర్యటనలో గ్లాస్గోకి చెందిన వార్నక్ కుటుంబం ఎడ్వర్డ్‌ని చూసి దత్తత తీసుకుంది. ఎడ్వర్డ్ అక్కడ చదువుకుని డెంటిస్టు అయ్యాడు. బ్రిటన్‌లో ఆ వృత్తిలోకొచ్చిన తొలి నల్లజాతివాళ్లలో అతనొకడు.

వాల్టర్‌ని ఎవరూ తీసుకెళ్లలేదు. ఆశ్రమంలోనే ఉండి ప్రింటింగ్ పని నేర్చుకున్నాడు. ఆశ్రమం టీమ్‌కి ఫుట్‌బాల్ ఆడాడు. తల్లి, తండ్రి, ఇల్లు, చివరికి అన్న, ఒక్కొక్కరే దూరమైపోయిన కుర్రాడికి మిగిలినవి రెండు: అచ్చు అక్షరాలు పేర్చే పనీ, బంతీ.

*

1908లో, ఇరవయ్యేళ్ల వయసులో, తూర్పు లండన్‌లోని క్లాప్టన్ అనే అమెచ్యూర్ క్లబ్‌లో చేరాడు. అమెచ్యూర్ అంటే జీతం ఉండదు, ఆడే సరదా తప్ప. ఆ ఒక్క సీజన్‌లో క్లాప్టన్ మూడు కప్పులు గెలిచింది. ఎఫ్‌ఏ అమెచ్యూర్ కప్ ఫైనల్‌లో ఈస్టన్ యునైటెడ్ మీద 6-0తో నెగ్గింది. ఆ సీజన్‌లో దొరికిన మేలైన ఆటగాడు ఇతనేనని 'ఫుట్‌బాల్ స్టార్' పత్రిక రాసింది. ఉత్తర లండన్ నుంచి టాటెన్‌హామ్ హాట్‌స్పర్ కబురు పెట్టింది. ఇవాళ మన కుర్రాళ్లు స్పర్స్ అని పిలుచుకునే క్లబ్బే అది.

1909 వేసవిలో టాటెన్‌హామ్ టీమ్ ఓడెక్కి అర్జెంటీనా, ఉరుగ్వే వెళ్లింది. టల్ కూడా వెళ్లాడు. తిరిగొచ్చాక ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు. సంతకానికి 10 పౌండ్లు, వారానికి 4 పౌండ్ల జీతం. ఇప్పటి ఆటగాళ్ల జీతాలతో పోల్చి నవ్వుకోకండి. ఫుట్‌బాల్ సంఘం 1901లో ఆటగాళ్ల జీతాలకి పరిమితి పెట్టింది. వారానికి 4 పౌండ్లు దాటి ఎవరికీ ఇవ్వకూడదు. టల్‌కి దొరికింది ఆ గరిష్ఠమే. నేర్చిన పని చేసుకునే ఒక మంచి పనివాడి జీతానికి అది దాదాపు రెండింతలు. ప్రింటింగ్ ప్రెస్సులో చేరబోయే అనాథ కుర్రాడికి తక్కువేం కాదు.

అయితే ఆ ఒప్పందంలో ఇంకో మెలిక ఉండేది. ఒకసారి క్లబ్‌కి సంతకం పెట్టాక, ఆ క్లబ్ వదిలితే తప్ప ఆటగాడు వేరే లీగ్ క్లబ్‌కి పోవడానికి లేదు. ఆడించకుండా కూచోబెట్టినా సరే, పట్టి ఉంచుకునే హక్కు క్లబ్‌దే. అమ్ముకునే హక్కూ దానిదే. 1905లో ఆల్ఫ్ కామన్ అనే ఆటగాణ్ణి మిడిల్స్‌బరో 1000 పౌండ్లకి కొంటే దేశమంతా ముక్కున వేలేసుకుంది. ఆ డబ్బంతా క్లబ్‌కే పోయింది. ఆటగాడి జీతం మాత్రం అదే నాలుగు పౌండ్ల గీత దగ్గర ఆగింది. ఈ పద్ధతి తెల్ల ఆటగాళ్లనీ వదల్లేదు. 1909లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లు కొందరు యూనియన్ వదులుకోం అని పట్టుబట్టి సస్పెండ్ అయ్యారు. కాబట్టి టల్ అడుగుపెట్టిన చోటు ఎవరికీ పూర్తి స్వేచ్ఛ ఉన్న చోటు కాదు. అతనికి ఇంకాస్త తక్కువ, అంతే.

*

టాటెన్‌హామ్ అప్పుడే అగ్రశ్రేణిలోకి వచ్చింది. 1909 సెప్టెంబరు ఒకటిన సండర్లాండ్ మీద టల్ మొదటి మ్యాచ్ ఆడాడు, ఓడిపోయారు. పది రోజుల తర్వాత సొంత గ్రౌండు వైట్ హార్ట్ లేన్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మీద మ్యాచ్. 2-2తో డ్రా అయింది. ఆ ఆట చూసిన 'డైలీ క్రానికల్' విలేఖరి టల్‌ని మెచ్చుకుంటూ చెప్పిన విషయం నాకు చాలా ఇష్టం. అతని పరుగునీ, బలాన్నీ ఆయన పట్టించుకోలేదు. నిబ్బరాన్ని మెచ్చుకున్నాడు. బంతి కాలికందగానే తన్నేయకుండా, క్షణంలో ఒక వంతు ఆగి, ఎదుటి డిఫెండర్ తప్పుడు చోటికి జరిగేదాకా చూసి, అప్పుడు కొలిచినట్టు పాస్ ఇస్తాడని రాశాడు.

ఫుట్‌బాల్ చూసేవాళ్లకి ఈ "క్షణం ఆగడం" విలువ తెలుసు. మీదకి మనిషి వస్తుంటే బంతి వదిలించుకోవాలనే అనిపిస్తుంది ఎవరికైనా. ఆగడానికి ధైర్యం కావాలి. ఆ రోజుల ఇంగ్లిష్ ఆట ఎక్కువగా ఒంటి బలం మీదా, భుజాలు రాసుకోవడం మీదా నడిచేది. అందులో తలతో ఆడేవాడు ఇతను.

నెల తిరిగేసరికి, అక్టోబరులో, బ్రిస్టల్ సిటీ మీద మ్యాచ్ ఆడటానికి వెళ్లారు. అక్కడ ప్రేక్షకుల్లో ఒక గుంపు ఆట సాగినంతసేపూ టల్‌ని రంగు పేరుతో బూతులు తిట్టింది. ఈ సంగతి మనకి తెలిసింది 'ఫుట్‌బాల్ స్టార్'లో పొడి అక్షరాల పేరుతో రాసే ఒక విలేఖరి వల్ల. లండన్ చేపల మార్కెట్ బిల్లింగ్స్‌గేట్ బూతులకి పేరుబడ్డ చోటు. అక్కడి భాష కన్నా ఇది నీచమైనదని ఆయన రాశాడు. తిట్టినవాళ్లని పిరికివాళ్లన్నాడు, రౌడీలన్నాడు. మనసులోనూ ఆటలోనూ టల్ అంత శుభ్రమైనవాడు లేడనీ, తెల్లవాళ్లంతా అతన్ని చూసి నేర్చుకోవాలనీ, ఆ రోజు మైదానంలో సామర్థ్యంలో అతన్ని మించిన ఫార్వర్డ్ లేడనీ రాశాడు.

1909లో ఒక ఆటల పత్రికలో ఇలా రావడం మామూలు విషయం కాదు. ఆ విలేఖరి కలం ఎత్తకపోయుంటే బ్రిస్టల్ మ్యాచ్ స్కోరు పట్టికలో ఒక గీతగా మిగిలిపోయేది.

తర్వాత ఏం జరిగిందంటే, కొద్ది రోజుల్లోనే టల్ మొదటి జట్టులోంచి మాయమయ్యాడు. ఆ సీజన్ మొత్తంలో ఏడు లీగ్ మ్యాచ్‌లు, ఆ పై సీజన్లో మూడు. రెండు గోల్స్. మిగతా కాలమంతా రిజర్వ్ జట్టులోనే.

ఎందుకు తీశారో క్లబ్ ఏ కాగితం మీదా కారణం చెప్పలేదు. జట్టు ఎంపిక చేసేవాళ్లకి చెప్పాల్సిన పనీ లేదు. ఫామ్ పోయిందనొచ్చు, ఆ స్థానానికి ఇంకొకరు దొరికారనొచ్చు. కొత్త ఆటగాళ్లు మొదటి జట్టులోకి రావడం, పోవడం ప్రతి క్లబ్‌లోనూ ఉండేదే. జీవితచరిత్ర రాసిన ఫిల్ వాసిలి లాంటి వాళ్లు మాత్రం తేదీలు చూడమంటారు. బ్రిస్టల్‌కి ముందు అతను మొదటి జట్టు మనిషి, బ్రిస్టల్ అయ్యాక కాదు. గొడవ చేసింది ప్రేక్షకులు. తీసేసింది ఆటగాణ్ణి. మనకీ తెలిసిన వ్యవహారమే ఇది. వీధిలో గొడవ జరిగితే "నువ్వే కొన్నాళ్లు బయటికి రాకు" అని ఎవరికి చెప్తారో మనకి తెలీదూ?

*

1911 అక్టోబరులో నార్తాంప్టన్ టౌన్ మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ టల్‌ని తీసుకున్నాడు. తర్వాత రోజుల్లో హడర్స్‌ఫీల్డ్‌నీ, ఆర్సెనల్‌నీ ఛాంపియన్లుగా నిలబెట్టి ఇంగ్లిష్ ఆట తీరునే మార్చిన చాప్‌మన్ ఈయనే. అప్పటికి ఇంకా చిన్న క్లబ్‌లో ఎదుగుతున్న మేనేజరు. ఒకప్పుడు టాటెన్‌హామ్‌కి ఆడినవాడు కూడా.

నార్తాంప్టన్ ఉన్నది సదరన్ లీగ్‌లో. అంటే లెక్కప్రకారం టల్ మెట్టు దిగాడు. కానీ అక్కడ అతనికి ఆట దొరికింది. మొదట ఫార్వర్డ్‌గా ఆడినా, కుదురుకున్నది మాత్రం హాఫ్‌బ్యాక్‌గా, అంటే వెనక డిఫెన్సుకీ ముందు ఫార్వర్డ్‌లకీ మధ్య నిలబడి ఆట నడిపే చోట. ఆగి, చూసి, పాస్ ఇచ్చేవాడికి అంతకన్నా తగిన చోటు లేదు. మూడేళ్లలో నార్తాంప్టన్‌కి వందకి పైగా మ్యాచ్‌లు ఆడాడు.

టాటెన్‌హామ్‌లో పది, నార్తాంప్టన్‌లో వంద పైచిలుకు. మనిషి మారలేదు, కాళ్లు మారలేదు. అతనికి ఆట చాలలేదు అనే మాటకి ఈ రెండో అంకె జవాబు. పూర్తి జవాబు కాకపోవచ్చు, రెండు లీగ్‌ల స్థాయి వేరు కదా. కానీ అతన్ని నమ్మి తెచ్చుకున్న మేనేజరు ఆటగాళ్లని అంచనా వెయ్యడంలో దేశంలోనే పేరు తెచ్చుకోబోతున్న మనిషని మర్చిపోకూడదు.

*

1914 ఆగస్టులో యుద్ధం మొదలైంది. దేశం తగలబడుతుంటే జీతాలు తీసుకుని బంతాట ఆడతారా అని పత్రికలు ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద విరుచుకుపడ్డాయి. దానికి సమాధానంగా డిసెంబరులో లండన్‌లోని ఫుల్‌హామ్ టౌన్ హాల్లో ఒక సభ పెట్టి మిడిల్‌సెక్స్ రెజిమెంట్ 17వ బెటాలియన్ మొదలుపెట్టారు. జనం దాన్ని ఫుట్‌బాల్ బెటాలియన్ అనే పిలిచారు. అదే నెలలో టల్ అందులో చేరాడు. త్వరలోనే పైమెట్లెక్కి సార్జెంట్ అయ్యాడు. 1915 నవంబరులో ఫ్రాన్సు వెళ్లాడు.

1916 వేసవికి ముందు అతన్ని ఇంగ్లండుకి వెనక్కి పంపారు. వైద్యపత్రంలో రాసింది తీవ్రమైన ఉన్మాదం అని. ఇప్పుడు షెల్ షాక్ అంటున్నామే, అదే. పైన బాంబులు, కింద బురద, పక్కన శవాలు. మైదానంలో నిబ్బరానికి మారుపేరైన మనిషి అక్కడ విరిగిపోయాడు. టల్ మీద వచ్చే చాలా వ్యాసాలు ఈ సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తాయి. వీరుడి కథలో అది ఇమడదు మరి. ఆ నిబ్బరం పుట్టుకతో వచ్చిన వరం అయితే విరిగేది కాదు. అనాథాశ్రమంలో, బ్రిస్టల్‌లో, రిజర్వ్ బెంచీ మీద రోజూ కూడదీసుకున్నది కాబట్టే ఒకచోట తెగింది. తెగాక మళ్లీ కూడదీసుకుని, ఆ ఏడు చివర్లో సోమ్ యుద్ధరంగానికి తిరిగెళ్లాడు. ఈసారి ట్రెంచ్ జ్వరంతో వెనక్కొచ్చాడు.

అప్పుడు జరిగింది అసలు వింత. 1917లో స్కాట్లండు పశ్చిమ తీరంలోని గెయిల్స్‌లో ఆఫీసర్ల శిక్షణకి అతన్ని పంపారు. మే 30న సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. 1914 నాటి సైనిక చట్టాల పుస్తకం నల్లవాళ్లు సైన్యంలో చేరొచ్చు, గౌరవ హోదా పొందొచ్చు గానీ, నిజంగా ఆజ్ఞలిచ్చే అధికారం చెలాయించకూడదంటుంది. ఆఫీసరు కావాలంటే స్వచ్ఛమైన ఐరోపా సంతతివాడై ఉండాలని ఇంకో పుస్తకం చెప్తుంది.

ఈ నిబంధన బరువెంతో మనవాళ్లకి ఇంకా బాగా తెలుసు. ఆ యుద్ధంలో పది లక్షలకి పైగా భారతీయులు బ్రిటన్ తరఫున పనిచేశారు. అయినా డాక్టర్లని మినహాయిస్తే, తెల్లవాళ్లతో సమానమైన రాజు కమిషన్ భారతీయుడికి దొరకాలంటే 1917 ఆగస్టు దాకా ఆగాల్సొచ్చింది. అప్పుడైనా వేళ్ల మీద లెక్కపెట్టేంతమందికే ఇచ్చారు. ఇరవయ్యేళ్ల సర్వీసున్న సుబేదారైనా నిన్నగాక మొన్నొచ్చిన తెల్ల సెకండ్ లెఫ్టినెంట్ మాట వినాల్సిందే. అలాంటిది ఒక బార్బడోస్ వడ్రంగి కొడుకు తెల్ల సైనికులకి ఆజ్ఞలిచ్చే చోట నిలబడ్డాడు.

సైన్యానికి హఠాత్తుగా జ్ఞానోదయం అయిందనుకుంటే పొరపాటు. అప్పటికి మూడేళ్ల యుద్ధంలో యువ ఆఫీసర్లు కుప్పలుగా చచ్చిపోయారు. గుమాస్తాలనీ, బడిపంతుళ్లనీ, సార్జెంట్లనీ ఆఫీసర్లని చెయ్యక తప్పలేదు. వాళ్లని "తాత్కాలిక పెద్దమనుషులు" అని ఎగతాళిగా పిలిచేవారు. అవసరం ముంచుకొచ్చింది. ఎదురుగా ముందువరసలో నిగ్గుతేలిన సార్జెంటున్నాడు. నిబంధన చూడనట్టు ఊరుకున్నారు. నిబంధన రద్దు చెయ్యలేదు, మరో దారి తెరవలేదు. ఒక మనిషి కోసం పుస్తకం మూసి పక్కన పెట్టారంతే.

రాసి ఉన్న నిబంధనకీ, రాయని నిబంధనకీ తేడా ఇక్కడే ఉంది. రాసి ఉన్నదాన్ని చూడొచ్చు, చూసీ చూడనట్టు వదిలెయ్యొచ్చు, పోరాడి చెరిపించొచ్చు. వైట్ హార్ట్ లేన్‌లో అతన్ని పక్కన పెట్టింది నిజంగా రంగే అయితే, ఆ నిబంధన ఎక్కడా రాసిలేదు. రాయనిదాన్ని ఎవరు రద్దు చేస్తారు?

*

1917 చివర్లో టల్ ఉన్న 23వ బెటాలియన్‌ని ఇటలీ పంపారు. 1918 జనవరిలో పియావే నది దాటి శత్రువుల మీద జరిపిన దాడుల్లో 26 మందిని నడిపించి, అందర్నీ ప్రాణాలతో వెనక్కి తెచ్చాడు. డివిజన్ జనరల్ సిడ్నీ లాఫర్డ్ అతని సాహసాన్నీ, నిబ్బరాన్నీ మెచ్చుకుంటూ పత్రం ఇచ్చాడు. తొమ్మిదేళ్ల కింద మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్ చూసిన విలేఖరి వాడిన మాటే, ఇంగ్లిషులో అక్షరం పొల్లుపోకుండా అదే మాట, ఆ జనరలూ వాడాడు. కూల్‌నెస్ అని.

మార్చిలో బెటాలియన్ ఫ్రాన్సుకి తిరిగొచ్చింది. 21న జర్మన్లు పెద్ద దాడి మొదలుపెట్టారు. 25న ఫవ్రయ్ ఊరి దగ్గర, వెనక్కి తగ్గుతున్న తన మనుషుల్ని కాచుకుంటూ టల్ తూటా తగిలి చనిపోయాడు. నెల్లాళ్లు బతికుంటే ముప్ఫై నిండేవి. అతని కింద పనిచేసే టామ్ బిల్లింగమ్, ఒకప్పుడు లెస్టర్ ఫాస్ క్లబ్ గోల్‌కీపరు, తుపాకుల మోతలోనే ఆ శరీరాన్ని మోసుకురావాలని చూశాడు. కుదర్లేదు. తర్వాత ఆ నేల చేతులు మారింది. శవం దొరకలేదు.

గ్లాస్గోలో ఉన్న ఎడ్వర్డ్‌కి తోటి ఆఫీసరు ఉత్తరం రాశాడు. బెటాలియన్‌లో అందరికీ అతనంటే ఇష్టమనీ, మిలిటరీ క్రాస్ కోసం కమాండింగ్ ఆఫీసరు సిఫార్సు చేశాడనీ అందులో ఉంది. ఆ పతకం రాలేదు. టల్ పేరు చాలా దశాబ్దాలు ఎవరికీ పట్టలేదు. 1999లో నార్తాంప్టన్ క్లబ్ తన స్టేడియం పక్కన స్మారకం కట్టింది. 2014లో అతని బొమ్మతో నాణెం వచ్చింది. 2018లో, చనిపోయి నూరేళ్లయిన సందర్భంగా, వందమందికి పైగా ఎంపీలు ఆ పతకం ఇప్పుడైనా ఇవ్వమని కోరారు. సిఫార్సు కాగితం దొరకలేదనీ, ఆ కాలపు నిబంధనల ప్రకారం మిలిటరీ క్రాస్ చనిపోయినవాళ్లకి ఇవ్వరనీ చెప్పేవాళ్లున్నారు. ఆ రెండో మాట నిజమే. 1979 దాకా అదే నిబంధన. బతికుండగా అతని కోసం ఒక నిబంధనని పక్కకి జరపగలిగారు, అప్పుడు అవసరం వాళ్లది. చనిపోయాక ఇంకో నిబంధన జరగలేదు.

పతకం వస్తే మంచిదే. కానీ పతకం చుట్టూ, "మొట్టమొదటి" చుట్టూ తిరిగే కథలో ఒక సుఖం ఉంది. దేశం అతన్ని చివరికి గుర్తించింది, అంతా బాగైంది అని పుస్తకం మూసెయ్యొచ్చు. యుద్ధవీరుణ్ణి గౌరవించడం తేలిక, అతను ఇక ఎవరి స్థానానికీ పోటీ రాడు. ఇరవై ఒక్కేళ్ల ఫార్వర్డ్‌ని, తిడుతున్న గుంపు ముందుకి మళ్లీ శనివారం దింపడమే కష్టం. ఆ శనివారం టాటెన్‌హామ్ ఆ పని చెయ్యలేదు. రెండేళ్ల తర్వాత నార్తాంప్టన్, ఇంకో వంద శనివారాలు, చేసింది.

అందుకే అరాస్ గోడ మీది పేరుని ఒక్కదాన్నే చదివితే చాలదనిపిస్తుంది. పక్కనే ఆ పది మ్యాచ్‌ల లెక్క కూడా పెట్టుకుని చదవాలి.